నలభై మూడు పెట్టెలు

ఇరవై ఏడో పెట్టె మడతబందుల్లో కొబ్బరినూనె చుక్కలు వేసి, మూత నాలుగైదుసార్లు తీసి మూసి, చెవి దగ్గరగా పెట్టుకుని విన్నాడు ఒబెడ్. చప్పుడు లేదు. గుడ్డతో జిడ్డు తుడిచి దాన్ని అరలో ఎప్పటి చోటనే పెట్టి, ఇరవై ఎనిమిదోది దించాడు. గురువారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా అతని పని ఇదే. దీవుల్లో ఎన్నికలు నాలుగేళ్ళకోసారి వస్తాయి. ఒబెడ్ గురువారాలు మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వారం వారం వస్తూనే ఉన్నాయి.

మనిషి పొట్టి. మెడ కాస్త ఎడమకు వాలి ఉంటుంది. వక్క నమిలి నమిలి పళ్ళు ఎర్రబడి, కింది వరసలో రెండు ఊడిపోయాయి. ఎప్పుడో సుత్తి దెబ్బ తగిలిన బొటనవేలి గోరు నల్లగా మందంగా పెరిగింది. చొక్కాకి రెండు జేబులు, రెంటికీ బొత్తాలు, ఇస్త్రీ మడత ఎక్కడా నలగదు. సావెలె పట్నంలోని ఎన్నికల ఆఫీసులో పద్నాలుగు మంది పనిచేస్తారు. వాళ్ళలో పదమూడు మంది పేర్లు గోడమీది పట్టికలో ఉన్నాయి. పద్నాలుగో వరసలో ‘సామాన్ల గది’ అని మాత్రమే ఉంది. ఆ గదికి ఒక మనిషి కూడా ఉంటాడని పట్టిక రాసినవాడికి తట్టలేదు, ఆ తర్వాత చదివినవాళ్ళెవరికీ అది లోపంగా కనబడలేదు.

పెట్టెలు మాత్రం చూడముచ్చటగా ఉంటాయి. పడవలు చేసే ఎర్రకర్రతో చేసినవి, నలభై మూడు. ఒక్కో పెట్టె ఒక్కో ఊరిది. ఊరి పేరు తెల్లరంగుతో రాసి, మూతమీద ఆ ఊరివాళ్ళే చెక్కిన బొమ్మ ఉంటుంది. ఫొతానా వాళ్ళది తాబేలు, తెలెపొ వాళ్ళది సముద్రపు కాకి. ఓట్ల రోజు పొద్దున్నే పెట్టెను అందరిముందూ తలకిందులు చేసి దులుపుతారు. తర్వాత ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ లోపలికి చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తడిమి, అరచెయ్యి పైకెత్తి జనానికి చూపిస్తుంది. అప్పుడు తాళం వేస్తారు. దీవుల్లో గెలిచినవాళ్ళంతా మహానుభావులేమీ కారు. బియ్యం బస్తాలు పంచినవాళ్ళున్నారు, పందుల్ని కోయించి ఊరంతటికీ విందులు పెట్టినవాళ్ళున్నారు, చచ్చినవాళ్ళ చేత ఓట్లేయించిన ఘనులూ ఉన్నారు. ఓడినవాళ్ళు ఒకరినొకరు తిట్టుకోని తిట్టు లేదు. పెట్టెమీద మాత్రం ఇప్పటిదాకా ఎవడూ నోరెత్తలేదు.

అది ఒబెడ్‌కు తెలుసు. బతుకులో అతనికి గొప్పగా తెలిసింది అదొక్కటే. ఇంకో పద్నాలుగు నెలల్లో ఎన్నికలు. అవి అయ్యాక అతను దిగిపోతాడు. ఈ ఒక్కసారి పెట్టెల్ని ఊళ్ళకు తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి, అరల్లో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి ఎవరి చేతిలోనన్నా పెట్టి పోవాలని కోరిక. అంతకు మించి అడగడం అతనికి చేతకాదు.

ఎనిమిదింటికి ముఖ్య ఎన్నికల అధికారి సిల్వెస్టర్ తోగాబే వచ్చాడు. పదింటికి ముందు అతన్ని ఆఫీసులో చూసినవాళ్ళు లేరు. ఒబెడ్ నూనెగుడ్డ వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. సిల్వెస్టర్‌కు ముప్ఫై ఎనిమిదేళ్ళు. బ్రిస్బేన్‌లో రెండేళ్ళు చదివి వచ్చాడు. అక్కడ ఏం చదివాడో ఎవరికీ తెలియదు గాని, వచ్చినప్పటినుంచీ మాట్లాడబోయే ముందు పెదవులు తడుపుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఈరోజు మోచెయ్యి దగ్గర చిరిగిన చొక్కా తొడుక్కొచ్చాడు. చిరుగు కొత్తగా ఉంది, కత్తెర పెట్టి చించినట్టు అంచులు తిన్నగా ఉన్నాయి.

“ఒబెడ్, ఇవన్నీ తీసెయ్యాలి.”

“ఎక్కడికి సార్?”

“ఎక్కడికైనా. పదకొండింటికి వాళ్ళొస్తున్నారు. అప్పటికి ఈ గదిలో ఒక్క పెట్టె కనబడకూడదు.”

“తుడుస్తూనే ఉన్నా సార్. పదకొండుకల్లా తళతళలాడించేస్తా.”

“తళతళలాడకూడదయ్యా బాబూ!” సిల్వెస్టర్ పెదవులు తడుపుకున్నాడు. “మనకి లేవు. అర్థమైందా? మనకి పెట్టెల్లేవు. ఉంటే మనకి అర్హత ఎక్కడేడుస్తుంది?”

అర్హత అనే మాట ఏడాదిగా ఆ ఆఫీసులో దోమలా తిరుగుతోంది. ఎన్నికలు జరుపుకోవడానికి బయటి దేశాల సాయం కావాలంటే ఊరికే చెయ్యి చాపితే కుదరదట. అడగాల్సినవాడే అడగాలి, రాతపూర్వకంగా అడగాలి, తగినంత ముందుగా అడగాలి. ఆ తర్వాత వాళ్ళ మనుషులు వచ్చి అవసరం ఉందో లేదో కళ్ళారా చూసి వెళ్తారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పంతా అడిగేవాళ్ళలో ఉంది.

మొదటి ఉత్తరం ప్రతిపక్ష నాయకుడు, ఇద్దరు పాస్టర్లు కలిసి రాశారు. ప్రతిపక్షాలూ చర్చిలూ రాస్తే లెక్కలోకి రాదు, ప్రభుత్వమో ఎన్నికల యంత్రాంగమో అడగాలని మర్యాదగా జవాబొచ్చింది. రెండోది విదేశాంగ మంత్రి సంతకంతో వెళ్ళింది. సంతకం సోమవారం పెట్టాడు. బుధవారం అవిశ్వాసం పెట్టారు, గురువారం ఆయన మంత్రి కాదు, శుక్రవారం ఉత్తరం అక్కడికి చేరింది. కొత్త మంత్రేమో పాత మంత్రి అడిగినదాన్ని మళ్ళీ అడగడం పరువు తక్కువన్నాడు. నెల తిరక్కుండా ఆయనా దిగిపోయాడు. మూడోది సిల్వెస్టరే, ఎన్నికల అధికారి హోదాలో, తన సంతకంతో పంపాడు. అది పనికొచ్చింది. చూడ్డానికి ముగ్గురు మనుషులు బయల్దేరామని కబురు వచ్చింది. ఆ రోజు సిల్వెస్టర్ ఆఫీసంతటికీ బిస్కెట్లు పంచాడు. ఆ రాత్రే ఇంటికెళ్ళి భార్యను, సాయం చేసేవాళ్ళ ఆఫీసున్న వియన్నా చలికి తనకు సరిపోయే కోటు ఎక్కడ కుట్టిస్తారో కనుక్కోమన్నాడని టైపిస్టు మావిస్ ఊరంతా చెప్పింది.

మావిస్ లియురా మూడు ఉత్తరాలనీ టైపు చేసిన మనిషి. లావుపాటి ఆడది, నోట్లో వక్క లేకుండా వేళ్ళు ఆడవు. ఒబెడ్ పెట్టెలు మోసుకుంటూ బయటికి రాగానే కిటికీలోంచి తల పెట్టింది.

“ఏంటి బాబాయ్, కాపురం మారుస్తున్నావా?”

“కొబ్బరి గొడౌన్‌లో పెట్టమన్నాడు. రేవు దగ్గరున్న పాతది.”

“అయ్యో. మిషన్ వాళ్ళు పాతబట్టలు పంచే రోజున అందరూ ఇంట్లో ఉన్న మంచిబట్టలు దాచేసి పోతారు చూడు, అలా తగలడింది మన ఆఫీసు. నన్ను కూడా ఒక కీ ఊడబీకి టైపు మిషను ముందు కూచోమన్నాడు. నేను పీకనన్నా. కావాలంటే నా పన్ను పీక్కోమన్నా.”

ఒబెడ్ నవ్వలేదు. నవ్వడానికి ఊపిరి చాల్లేదు. ఒక్కో పెట్టె పెద్ద పంది పిల్లంత బరువు. రెండేసి చొప్పున మోసుకెళ్ళి ట్రక్కులో వేశాడు. డ్రైవరు సిగరెట్టు కాలుస్తూ కూర్చున్నాడు గాని చెయ్యి వెయ్యలేదు, అది అతని ఉద్యోగం కాదు. సిల్వెస్టర్ నీడలో నిలబడి తొందరపెడుతున్నాడు.

పాత గొడౌన్‌కు తలుపుల్లేవు. కప్పు ఒకపక్క కూలింది. కూలని పక్కన ఒబెడ్ పెట్టెల్ని నాలుగు వరసలుగా పేర్చాడు. పేర్చాక అలవాటుగా కొబ్బరిమట్ట కోసం చుట్టూ చూశాడు.

దీవుల్లో ఎవడన్నా ఒక వస్తువు బయట వదిలిపెట్టి వెళ్ళాలంటే దానికి కొబ్బరాకు చీల్చి ముడి వేసి కడతాడు. ఆ ముడి ఉన్నదాన్ని దొంగ కూడా ముట్టుకోడు. ముడి లేనిది ఎవరికి కావలిస్తే వాళ్ళది. తీసుకున్నవాడిని ఎవరూ ఏమీ అనరు, వదిలినవాడికి అడిగే ముఖం ఉండదు. చిన్నపిల్లలకు నడక కన్నా ముందు ఇది నేర్పుతారు.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు సిల్వెస్టర్ ట్రక్కు దిగకుండానే.

“ముడేద్దామని సార్.”

“ముడేస్తే అవి ఎవరో పెట్టుకున్నవని తెలీదూ? రేవులో నలుగురూ చూస్తారు, నోళ్ళు ఊరుకుంటాయా? ఏమీ కట్టకు. మధ్యాహ్నానికల్లా వాళ్ళు పోతారు, మళ్ళీ తెచ్చుకుందువుగాని. ఎక్కు, ఎక్కు.”

“ముడి లేకపోతే...”

“ఒబెడ్! దేశం పని ఇది!”

బ్రిస్బేన్‌లో కొబ్బరాకులు లేకపోవచ్చు, కాని సిల్వెస్టర్ పుట్టింది బ్రిస్బేన్‌లో కాదు. వాళ్ళమ్మ ఇప్పటికీ అరటిగెలకు ముడి వేస్తుంది. చదువుకున్నవాడు మర్చిపోవాలనుకుంటే ఏదైనా మర్చిపోగలడు. ఒబెడ్ మర్చిపోలేదు. అయినా ట్రక్కెక్కాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పైవాడి మాటకు ఎదురుచెప్పి ఎరగడు, ఈ ఒక్కరోజు కూడా చెప్పలేదు. దానికి అతన్ని వెనకేసుకురావడం కుదరదు. వాన పడేలా ఉంది, రేవులో జనం ఉండరు, ఒక్క పూటే కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పడమటి దీవుల ఓడ గురువారం మధ్యాహ్నం వస్తుంది. ఆ రోజు గాలి అనుకూలించి తొమ్మిదిన్నరకే వచ్చింది.

పదకొండింటికి ముగ్గురూ వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు. ఒకడు అదేపనిగా చెమట తుడుచుకుంటున్నాడు, ఇంకొకడు పలకలాంటి దానిమీద టకటకా నొక్కుతున్నాడు. వాళ్ళ పెద్ద అన్నెలీస్ అనే ఆవిడ. ఎక్కడో చలిదేశం మనిషి, పొడుగ్గా ఉంది, ఎండకి ముక్కు కందిపోయింది. సిల్వెస్టర్ ఆఫీసంతా తిప్పి చూపించాడు. పనిచేస్తున్న ఫ్యాను ఆపించి, ఫ్యాన్లు తిరగవన్నాడు. ఓటర్ల జాబితాలున్న బీరువాకు అడ్డంగా నిలబడి, జాబితాలు వరదలో పోయాయన్నాడు. ఆవిడ అన్నీ రాసుకుంది. అబద్ధాలు విని విని అలవాటైన మనిషి రాసుకున్నట్టే రాసుకుంది.

చివరికి సామాన్ల గదికి వచ్చారు. ఖాళీ అరలు. ఒక్కో అరమీదా పెట్టె అడుగు మేరకు చెక్క తెల్లగా, చుట్టూ నల్లగా ఉంది. ముప్ఫై ఏళ్ళ దుమ్మూ నూనే కలిసి నలభై మూడు నలుచదరాల గుర్తులు వేశాయి. సిల్వెస్టర్‌కు ఇది తట్టలేదు. అన్నెలీస్ వేలితో ఒక గుర్తు అంచు తడిమి, గది మూల నిలబడ్డ ఒబెడ్ వైపు తిరిగింది.

“మీరు ఇక్కడేం చేస్తారు?” అని అడిగింది. ఆ గదిలో అతన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

సిల్వెస్టర్ దగ్గాడు. ముందే చెప్పి ఉంచాడు, ‘ఊడుస్తాను’ అనమని. ఒబెడ్ నోరు తెరిచాడు. ఊడుస్తాను అనే మాట నాలుక దాకా వచ్చింది. కాని కళ్ళు ఆ తెల్ల గుర్తుల మీద పడ్డాయి.

“పెట్టెలు చూస్తాను మేడమ్,” అన్నాడు.

“ఏ పెట్టెలు?”

“ఓట్ల పెట్టెలు. నలభై మూడు. మంచివి.”

“ఈయన కొంచెం...” అని సిల్వెస్టర్ తలదగ్గర వేలు తిప్పాడు. “వయసైపోయింది మేడమ్.”

“ఎక్కడున్నాయవి?” ఆవిడ సిల్వెస్టర్‌ను చూడను కూడా చూడలేదు.

“రండి మేడమ్. చూపిస్తా,” అన్నాడు ఒబెడ్. అంతవరకూ వంగి ఉన్న మెడ నిటారైంది. జన్మలో ఒక్కసారి మనిషి ధైర్యం చేశాడు. చేసిన ఆ ఒక్కసారే అతని నెత్తిమీదికి రావాలా? వచ్చింది.

గొడౌన్ దగ్గర ట్రక్కు ఆగింది. ఒబెడ్ అందరికన్నా ముందు దూకి లోపలికి వెళ్ళాడు. లోపల ఒక్క పెట్టె లేదు. తడినేల మీద నాలుగు వరసల గుర్తులు, బోలెడు పాదాల అచ్చులు. పక్కనే బజారు. పడమటి దీవుల ఓడలో దిగిన ఆడవాళ్ళు చేపల గంపలు దించుకుని కూర్చున్నారు. నేల తడిగా ఉంది. వాళ్ళకి ఎత్తుపీటలు కావలసి వచ్చాయి. గొడౌన్‌లో ముడి లేని పెట్టెలు దొరికాయి. అంతకన్నా ఏమీ జరగలేదు.

ఒబెడ్ బజారులో నడిచాడు. అతని వెనక ముగ్గురు విదేశీయులు, వాళ్ళ వెనక సిల్వెస్టర్. తెలెపొ పెట్టెమీద కూర్చుని ఒక పిల్లతల్లి బిడ్డకు పాలిస్తోంది. నగారే పెట్టెమీద ఒకావిడ ట్యూనా చేప తల నరుకుతోంది, ఒక్కో దెబ్బకీ ఊరి పేరులో ఒక్కో అక్షరం మీద రక్తం చిందుతోంది. బుమా పెట్టె మూత తీసి లోపల కోడిపెట్టను పెట్టారు. అది తల బయటికి పెట్టి అన్నెలీస్‌ను చూసింది. పలక పట్టుకున్నవాడు టకటకా ఫోటోలు తీశాడు.

“ఇవేనా?” అంది అన్నెలీస్ మెల్లగా.

“ఇవే మేడమ్.” ఇంక ఏదో చెప్పాలని చూశాడు. ముడి సంగతి, పొద్దున సంగతి, పెద్దావిడ చెయ్యి పెట్టి తడిమే సంగతి. చెప్పాలంటే సిల్వెస్టర్‌తో మొదలెట్టాలి. సిల్వెస్టర్ పక్కనే ఉన్నాడు. “కడిగితే పోతుంది మేడమ్,” అన్నాడు చివరికి.

ఆవిడ అతని భుజం తట్టింది. జాలిపడింది. ఆ జాలి అతన్ని చంపినంత పని చేసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక సిల్వెస్టర్ ఒబెడ్‌ను తన గదిలోకి పిలిచాడు. ఒబెడ్ ఉద్యోగం ఊడిందనుకునే వెళ్ళాడు. సిల్వెస్టర్ లేచి వచ్చి కౌగలించుకున్నాడు.

“ఏం బుర్రయ్యా నీది! ఖాళీ గది చూపిస్తే ఆవిడ నమ్మేదా? గుర్తులు కనిపెట్టేసింది. నువ్వు తీసుకెళ్ళి కోడిపెట్టను చూపించావు చూడూ... నేను నెలరోజులు ఆలోచించినా ఇది తట్టేది కాదు. పోయే ముందు ఒక్క మాటంది, ‘తక్షణ అవసరం’ అని. మనకి అర్హత వచ్చేసినట్టే!”

“నేను... మంచివని చెప్దామని సార్.”

“అదే గదా! చెప్పావుగా!” సిల్వెస్టర్ పగలబడి నవ్వాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. తనలాగే లోకమంతా తెలివైనదనుకునేవాడితో వాదించడం ఎవరివల్లా కాదు.

బల్లమీంచి ఒక అచ్చుకాగితం తీసి చేతిలో పెట్టాడు. వాళ్ళు వదిలి వెళ్ళిన ప్రశ్నల నకలు. ఒబెడ్ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. ‘ఓట్ల పెట్టెలు: లేవు. భద్రపరిచే ఏర్పాటు: లేదు. బాధ్యుడు: లేడు.’ మూడు చోట్లా సిల్వెస్టర్ నీలి సిరా.

“బాధ్యుడు లేడా సార్?”

“అది ఫారమయ్యా. ఫారంలో నువ్వు లేవంతే. జీతంలో ఉన్నావుగా.” సిల్వెస్టర్ భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా తీసుకొచ్చాడు. “ఇంక ఆ చెక్కముక్కలు వదిలెయ్. ప్లాస్టిక్‌వి పంపుతారు. అద్దంలా ఉంటాయి, ఇటునుంచి చూస్తే అటు కనబడుతుంది. నీకు తుడిచే పని కూడా ఉండదు.”

ఒబెడ్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బొత్తం వేశాడు. మావిస్ అడ్డం వచ్చింది.

“బాబాయ్, ముఖమేంటి అలా ఉంది? కూచో కాసేపు. చిలగడదుంప తెచ్చా, తిందువుగాని.”

“నీ దగ్గర పెన్సిలుందా?”

“ఎందుకు?”

“రాసుకోవాలి.”

ఆవిడ చెవిమీంచి పెన్సిలు ముక్క తీసి ఇచ్చింది. తర్వాత చాలారోజులు మావిస్ ఆ మాటే చెప్పుకుంది. దుంప తినిపించకుండా పెన్సిలిచ్చి పంపానని.

రెండున్నరకి ఒబెడ్ బజారుకు వచ్చాడు. చినుకులు పడుతున్నాయి. పెట్టెలు వెనక్కిమ్మని అతను అడగలేదు. ముడి లేనిదాన్ని తీసుకున్నవాళ్ళని అడిగే ముఖం ఎవరికీ ఉండదు, అతనికసలే ఉండదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి ఒకటే అడిగాడు.

“చెల్లెమ్మా, ఓట్లనాటికి ఇది ఒక్కరోజు బదులిస్తావా?”

“ఇదా? ఇస్తాలే అన్నా. దేనికి?”

“ఓట్లకే.”

“ఓట్ల పెట్టెనా ఇది!” నగారే పెట్టెమీది ఆడమనిషి కత్తి పక్కన పడేసి నాలిక్కరుచుకుంది. “ఓరి దేవుడో, చేప కోసేశాను గదా అన్నా! మా ఊరి బొమ్మ కాదు, చూసుకోలేదు. ముడెందుకు కట్టలేదు నువ్వు?”

“మర్చిపోయా,” అన్నాడు ఒబెడ్.

అది అతను ఆ రోజు చెప్పిన ఒకే ఒక అబద్ధం. దానితో ముప్ఫై ఒక్క ఏళ్ళ మంచిపేరు కూడా తీసి ఆవిడ చేతిలో పెట్టేశాడు. సిల్వెస్టర్ పేరెత్తడానికి కూడా అతనికి నోరు రాలేదు.

అచ్చుకాగితం మడతలు విప్పి వెనకవైపు రాసుకున్నాడు. నగారే, దాని పక్కన ఆవిడ పేరు, ఆవిడ దీవి పేరు. తెలెపొ, దాని పక్కన పిల్లతల్లి పేరు. తెలెపొ రాస్తూ కాస్త ఆగాడు. ఏడేళ్ళ కిందట ఆ పెట్టెతోనే అతను తెలెపొకు వెళ్ళాడు. సముద్రం బాగాలేక మూడురోజులు అక్కడే చిక్కుకుపోయాడు. తిరిగొచ్చేసరికి అతని భార్య రుసీలాను మట్టి చేసేశారు. పెట్టెను ఆఫీసులో పెట్టి తాళం వేసి, ఆ తర్వాతే ఇంటికి వెళ్ళాడు. బావమరిది ఇప్పటికీ అతనితో మాట్లాడడు. ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేదు. పెట్టె ముందు చేరాలి గదా అనుకున్నాడు, అంతే. అలాంటి మనిషిని పట్టుకుని బాధ్యుడు లేడని రాశారు.

పేర్లు కూడబెట్టడానికి గంటన్నర పట్టింది. బజారంతా తిరిగాడు, ఓడ దగ్గరికి వెళ్ళాడు, సారాకొట్టు వెనక పేకాడుతున్నవాళ్ళ దగ్గర రెండు దొరికాయి. కోడిపెట్టవాడు మాత్రం పెట్టె బదులివ్వడానికి కోడిని కొనాలన్నాడు. తర్వాత సిగ్గుపడి తన పేరు తనే రాసిచ్చాడు. అక్కడికి నలభై తేలాయి. ఫొతానా, హౌసిరి పెట్టెలు కనబడలేదు. ఎవరో పడవలో వేసుకుపోయారని ఒకరు, కాదు పొయ్యిలోకి పోయాయని ఒకరు.

చివరికి సెలీనా దుకాణం దగ్గరికి వచ్చాడు. ఆవిడ అతని సొంత దీవి మనిషి, డెబ్భై దాటిన ముసలిది, వేయించిన చేపలు అమ్ముతుంది. వాళ్ళ ఊరి మనకొలా పెట్టె ఆవిడ దగ్గరే ఉంది. దానిమీద కూర్చోలేదు, గోనెపట్టా కప్పి పక్కన పెట్టింది.

“చూడగానే పోల్చా తమ్ముడూ,” అంది. “రెండుసార్లు చెయ్యి పెట్టి తడిమానే, నాకు తెలీదూ? ఎవరో ఎత్తుకుపోతారని పట్టుకొచ్చా. నీదే. తీసుకెళ్ళు.”

“వద్దక్కా. నీ దగ్గరే ఉండనీ. గది... గది ఖాళీ చేశారు.”

“కూచో అయితే. చెమటలేంటి అంత? వానలో చెమటలేంటి?”

అతను పట్టా తీసి పెట్టెమీద కూర్చున్నాడు. కాగితం మోకాలిమీద పరిచి మనకొలా ఎదురుగా సెలీనా పేరు రాశాడు. ఎడమచెయ్యి రెండుసార్లు విదిలించుకున్నాడు.

“రెండు తక్కువక్కా,” అన్నాడు.

“దొరుకుతాయిలే. ఎక్కడికి పోతాయి? చుట్టూ సముద్రమే గదా.”

ఆవిడ మూకుడులో చేపముక్కలు తిరగేసింది. ఎవరో వచ్చి రెండు కొన్నారు, ఇంకెవరో బేరమాడి కొనకుండా పోయారు. సెలీనా వాళ్ళని నాలుగు తిట్టి, ఒక ముక్క ఆకులో పెట్టి తమ్ముడికిద్దామని ఇటు తిరిగింది. అతను దుకాణం గుంజకు ఆనుకుని ఉన్నాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. నిద్రపోయాడనుకుని ఆవిడ చేప మళ్ళీ మూకుడు అంచున పెట్టింది. వాన వెలిసి, ఓడ కూత పెట్టి, పక్క దుకాణం వాళ్ళు తట్టలు సర్దుకుంటున్నప్పుడు, లేవయ్యా తమ్ముడూ అని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

ఆఫీసు ఒక పూట మూశారు. సమాధి దగ్గర సిల్వెస్టర్ పావుగంట మాట్లాడాడు. ఎన్నికల సేవలో ప్రాణాలర్పించాడన్నాడు, దేశానికి అర్హత సంపాదించిపెట్టాడన్నాడు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు గొంతు కూడా బొంగురుపోయింది. బొంగురుపోయిన ఆ గొంతు విని మావిస్ నోట్లో వక్క అక్కడే ఉమ్మేసి, మట్టి చేసేదాకా ఆగకుండా వచ్చేసింది. బావమరిది రాలేదు. మూడు నెలలకి ప్లాస్టిక్ పెట్టెలు విమానంలో వచ్చాయి. కోటు తొడుక్కుని సిల్వెస్టర్ వియన్నా వెళ్ళొచ్చాడు. అక్కడ చలి లేదట.

అచ్చుకాగితం సెలీనా దుకాణంలోనే ఉండిపోయింది. నీలి సిరా వైపు లోపలికి తిప్పి, గుంజకు మేకు కొట్టి తగిలించింది. పక్కనే దారం కట్టి పెన్సిలు ముక్క వేలాడదీసింది, ఆ రెండు పెట్టెల సంగతి తెలిసినవాళ్ళెవరైనా వస్తే రాస్తారని. కాగితంమీద నూనె మరకలు పడ్డాయి. నలభై ఒక్క ఊళ్ళ పక్కన నలభై ఒక్క పేర్లున్నాయి, ఫొతానా పక్కన, హౌసిరి పక్కన ఏమీ లేదు.